తుపాను షెల్టరులో ఫ్రెంచి సినిమా

మొగుడు తాగుబోతో పేకాటరాయుడో అయితే పదిమందితో చెప్పుకుని ఏడవచ్చు. వెంకటశేషమ్మకు ఆ అదృష్టం కూడా లేదు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పద్మనాభయ్యగారికున్న వ్యసనం విషాద చిత్రాలు. అవీ ఫ్రాన్సు దేశానివి. పొద్దున్నే ఆయన మొహం చూసి పాలవాడు, "ఎవురికేమైందమ్మా?" అని గొంతు తగ్గించి అడుగుతుంటాడు.

ఆ ఆదివారం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. ఇందుకూరుపేట అవతల, సముద్రం ఒడ్డునున్న తమ ఊరి తుపాను షెల్టరులో ఒకే ఫ్రెంచి దర్శకుడి పొట్టి సినిమాలూ డాక్యుమెంటరీలూ జనానికి చూపించడం. పెళ్లిదండ తినేసిన మేక కథ, బొమ్మల ఫ్యాక్టరీ, ఒక ముసలమ్మ ఆపకుండా ఒకే గిన్నె తోమడం, ఇలా రకరకాలు.

"మేకది ముందు వెయ్యండి. పిల్లకాయలన్నా వస్తారు," అన్నది వెంకటశేషమ్మ.

"ఇదేమన్నా సర్కసా? తుపానుతో మొదలు."

అది ఒక రేవును గాలివాన ముంచెత్తడం మీద తీసిన డాక్యుమెంటరీ. మాటలుండవు. గాలి, అలలు, సైరను, అంతే.

వేళకు హాల్లో ఉన్నది వెంకటశేషమ్మ, నీడకోసం వచ్చిన ఒక కుక్క. దానికితోడు తెచ్చుకున్న స్పీకరు పలకలేదు. పద్మనాభయ్యగారు జంకలేదు. హెచ్చరికల కోసం మిద్దెమీద బిగించిన లౌడ్‌స్పీకరుకు తీగ కలిపారు. చీకటి కోసం కిటికీలన్నీ మూసి సినిమా మొదలుపెట్టారు.

కాసేపటికి తలుపు తోసుకుని జనం వచ్చిపడ్డారు. చంకలో బిడ్డలు, నెత్తిన మూటలు, గంపల్లో కోళ్లు. నిలబడడానికి చోటు లేదు. చీకట్లో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. పద్మనాభయ్యగారి కళ్లు చెమర్చాయి. హెచ్చరికల మైకు అందుకున్నారు.

"మీకు మంచి సినిమా పట్టదనుకున్నాను. మీరింతగా కదిలిపోతారని..."

"సినిమా ఏంది సారూ?" అని అరిచింది చేపలమ్మే పేరమ్మ, చేతిలో ఫోనుతో. "మా శివ వేటకి పోయుండాడు. వల కోసి పారేసి వచ్చేయమని చెప్పినానే!"

వెంకటశేషమ్మ లేచి కిటికీ తెరిచింది. ఎండ ధగధగా లోపలికొచ్చింది. సముద్రం పడుకున్నట్టుంది. తెరమీద మాత్రం పడవలు మునుగుతున్నాయి.

"ఆపండి," అన్నది.

"ఇంకొంచెమే ఉంది," అన్నారాయన, అలవాటుగా.

పేరమ్మ మళ్లీ ఫోను చేసేసరికి శివ కోయనే కోసేశాడు. వేట నిషేధం ఉన్నన్నాళ్లూ తల్లీకొడుకులు కూర్చుని తాళ్లూ బెండ్లూ కట్టుకున్న కొత్త వల అది.

"నేను మిమ్మల్ని పరుగెత్తమనలేదే!" అన్నారు పద్మనాభయ్యగారు. "అది డాక్యుమెంటరీ. అంటే, ఉన్నది ఉన్నట్టు..."

"ఏడుండాదయ్యా? చూపించు!" పేరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది.

కాసేపటికి పడవ ఒడ్డుకు చేర్చి శివ వచ్చాడు. తిట్టలేదు. తెగిన తాడు ముక్క పట్టుకుని మెట్లమీద కూలబడి సముద్రంకేసి చూస్తూ ఉండిపోయాడు. అలాంటి మొహాలను తెరమీద ఎన్నిసార్లో మెచ్చుకున్న పద్మనాభయ్యగారు ఈ మొహాన్ని చూడలేకపోయారు.

"తప్పు నాది, శివా," అన్నారు చివరికి. "హెచ్చరిక మైకును ముట్టుకోవడం తప్పు. ముట్టుకుని, పరుగెత్తమనలేదని తప్పించుకోజూడడం ఇంకా తప్పు. అంతా నాదే."

చేతిలోని మైకును ఆయనింకా ఆపనే లేదు. ఆ మాట ఊరంతా వినబడింది. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు.