ముప్పై ఒకటో తారీఖు చల్లదనం

గురజాల నీటి పరీక్షల ల్యాబులో ఆ ఉదయం టెక్నీషియన్ మహమూదా అనుకున్నది ఒక్కటే: పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చేలోపు బల్లలు తుడిచి, రికార్డులు సర్దాలి. డెబ్బై మార్కులు రాకపోతే ల్యాబును గుంటూరులో కలిపేస్తారు. ఆమె కాంట్రాక్టు ఉద్యోగం అంతటితో సరి.

నీటి నమూనాలుంచే ఫ్రిజ్ తలుపుకు ఉష్ణోగ్రతల పట్టిక వేలాడుతోంది. రోజూ చూసి రాయాల్సిన డిగ్రీలవి, నాలుగు దాటకూడదు. ఆ రోజు తారీఖు పద్దెనిమిది. పట్టిక ముప్పై ఒకటి దాకా నిండి ఉంది. అన్నీ నాలుగులే.

"ఏంది బాబాయ్ ఇది?"

"ఖాళీ గడి ఉంటే మార్కులు పోతాయన్నావు గదమ్మా," అన్నాడు అటెండరు జ్ఞానయ్య. "ఒక్కటీ వదల్లా."

"రాబోయే పదమూడు రోజుల సంగతి నీకెట్టా తెలుసు?"

"ప్రభువు చల్లగానే చూస్తాడులే."

మహమూదా కొత్త కాగితం తీసి పట్టిక మళ్లీ రాయసాగింది. సగంలో కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో థర్మామీటరు ఎనిమిది దాటి, పదకొండు చేరింది.

"నాలుగుకి దించుతా, ఆగు," అంటూ జ్ఞానయ్య చేపల కొట్టుకు పరుగెత్తి సంచెడు ఐసు తెచ్చాడు. ఆయాసంతో దాన్ని బల్ల మీద దించాడు, సరిగ్గా కొత్త పట్టిక మీద. సిరా కొట్టుకుపోయింది, చేపల వాసన మిగిలింది. ఇప్పుడు ఒక పట్టికకు భవిష్యత్తు ఎక్కువ, రెండోదానికి గతం లేదు.

బయట కారు ఆగింది.

అధికారి ఫణీంద్ర లోపలికొస్తూనే ముక్కు మూసుకున్నాడు. "ఇక్కడ పరీక్షించేది నీళ్లా, చేపలా?"

జ్ఞానయ్య ఫ్రిజ్‌కు వీపు ఆనించి, పట్టిక కనబడకుండా నిలబడ్డాడు. మహమూదా తెల్లవారుజాము నమాజులో నిజం తప్పనని మాటిచ్చి వచ్చింది, మధ్యాహ్నం కాకముందే ఆ మాట తప్పబోయింది.

"జరుగు బాబాయ్. సార్, ఆ పట్టిక అబద్ధం. ఇప్పుడు లోపల పదకొండు డిగ్రీలు. ఉద్యోగం పోతే పోనీండి."

ఫణీంద్ర మొహం పాలిపోయింది. వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

"గట్టిగా అనకమ్మా! పదకొండంటే ఎట్టా?"

ఫైలు తెరిచాడు. తనిఖీ పత్రంలో మార్కులు ఎనభై రెండు. కింద సంతకం, ముద్ర కూడా పడి ఉన్నాయి.

"రోజుకు అయిదు ల్యాబులు చూడమంటారు. చానా కష్టం. అందుకే గుంటూరులోనే రాసుకొని బయల్దేరా. ఇప్పుడు కొట్టేస్తే నా మీద తనిఖీ పడుద్ది."

మహమూదాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జ్ఞానయ్య మాత్రం మెడ చాచి పత్రాన్ని గడి గడీ చూశాడు.

ఫ్రిజ్ ఉష్ణోగ్రత దగ్గర నాలుగు అని ఉంది. దస్తూరీ ఒక్కటే జ్ఞానయ్యది కాదు.