మూడో అంతస్తులో పొడుగాటి భార్య

నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆట ఓడిపోయిన ప్రతి ఆదివారం ఈ బెంచీ మీద మీరు నన్ను చూసి నవ్వకుండా ఇంటికెళ్ళింది ఎప్పుడు గనక? కాకపోతే మధ్యలో లేచిపోకండి. ఈ సంగతి మీకు చెప్పమని పంపింది మా ఆవిడ. చెప్పకుండా వెళ్తే నాకు ఇంట్లో అన్నం పుట్టదు.

మన ఇలోయిలో ఊళ్ళో ఎవరింట్లో ఫ్రిజ్ పాడైనా ముందు దేవుణ్ణీ, ఆ తరవాత ఈ వెన్సింగ్‌నీ తలుచుకుంటారు. మీకు తెలిసిన వెన్సింగ్ అంతవరకే. మీకు తెలియని వెన్సింగ్‌కి ఆడవాళ్ళ గౌన్లు తొడుక్కోవడం ఇష్టం. హమ్మయ్య, అనేశాను.

మా ఆవిడ ఫీనా చేపల బజారుకి వెళ్ళినప్పుడు నా రిపేరు షెడ్డు తలుపు వేసుకుని, గౌను తొడుక్కుని ఓ అరగంట కూర్చుంటాను. అంతకు మించి ఏమీ లేదు. కాఫీ తాగుతాను, పేపరు చదువుతాను. నా లోపల ఎప్పుడూ గొణిగే మనిషెవరో ఆ అరగంటా నోరు మూసుకుంటాడు. తరవాత గౌను విప్పి, షెడ్డు మూలనున్న పాత ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేస్తాను. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న ఇష్టమే గానీ, నా కొలతకి గౌన్లు కొనుక్కునే ధైర్యం వచ్చి ఆరేళ్ళయింది.

కొనాలంటే మాల్‌కి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాలని వారమంతా తహతహ, తీరా వెళ్ళాక ఎప్పుడు బయటపడతానా అని కంగారు.

గుమ్మం దగ్గరే మొదలవుతుంది. సెక్యూరిటీ వాళ్ళు మగవాళ్ళకో వరస, ఆడవాళ్ళకో వరస పెడతారు కదా. ఆ వరసల వంక మీరెవరూ రెండోసారి చూసి ఉండరు. నేను మాత్రం మగవాళ్ళ వరసలో నిలబడి జేబులు తడిమించుకుంటూ ప్రతిసారీ పక్క వరస వంక చూస్తాను. ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ, సంచీలు తెరిచి చూపించి లోపలికి వెళ్ళిపోతుంటారు. దానికి దుఃఖమెందుకు చెప్పండి? అయినా వస్తుంది.

లోపల సేల్స్ అమ్మాయిలు "రండి మేడమ్‌సర్!" అంటారు. వచ్చింది ఆడో మగో చూసే తీరిక లేక అందరికీ కలిపి ఒకటే పిలుపు. అందులో మొదటి సగం నాదేనని దొంగతనంగా జేబులో వేసుకుని మూడో అంతస్తు ఎక్కుతాను.

అక్కడ బట్ట మీద వేళ్ళు పెడితే ప్రాణం లేచొస్తుంది. ఎవరైనా చూస్తే అదే ప్రాణం అరికాళ్ళలోకి జారిపోతుంది. ఒక్క గౌను భుజాల మీద పెట్టుకుని అద్దంలో చూసుకోవాలని ఉంటుంది. బట్టలు మార్చుకునే గదుల బయట పెళ్ళాల సంచీలు మోస్తూ నిలబడ్డ మొగుళ్ళుంటారు చూశారూ, నేనూ వాళ్ళలాగే విసుగ్గా ముఖం పెట్టి "మా ఆవిడకి" అంటాను.

ఆ అబద్ధం ఆడి ఊరుకుంటే బాగుండేది. ఆ కౌంటర్‌లో జొనాలిన్ అని ఓ పిల్ల ఉంది. మొదటిరోజే అడిగింది.

"మీ ఆవిడ సైజెంత సర్?"

"దాదాపు... నా అంత."

కింది నుంచి పైదాకా చూసింది. "అంత పొడుగా?"

"వాలీబాల్ ఆడేది."

"భుజాలు కూడా ఇంతేనా?"

"బాగా ఆడేది."

మరి ఒక్కసారైనా రాదేమంటే మోకాళ్ళ నొప్పులన్నాను. ఆ మోకాళ్ళకి జొనాలిన్ తైలం సీసాలిచ్చింది, తొమ్మిది రోజులు ప్రార్థన కూడా చేసింది. ఆరేళ్ళలో ఆ లేని మనిషికి రుచులూ పట్టింపులూ ఏర్పడ్డాయి. నీలమంటే పిచ్చి. మెడకి లేసు లేకపోతే ముట్టదు.

ఇక ఉన్న మనిషి సంగతి. మా ఫీనా నా భుజం దాకా కూడా రాదు. నలభై అయిదు కిలోలుంటుంది, అందులో సగం నోరే.

పోయిన నెల ఆవిడ యాభయ్యో పుట్టినరోజు. ఆరోజు పొద్దున్నే చెప్పేసింది.

"ఈసారి నాకు మూకుడు తేకు."

"మరేం తేను?"

"పోయినేడు మూకుడు, అంతకు ముందు రైస్ కుక్కరు, ఆ ముందేడు దోమల బ్యాటు. ఈసారి గౌను కావాలి. మాల్‌కి పద."

"డిస్కౌంట్ రోజులే ఫీనా, జనం తొక్కేస్తారు."

"నేను కూడా తొక్కుతాలే. పద."

దారిలోనే పథకం వేశాను. మూడో అంతస్తు ఎక్కనివ్వకూడదు. కింద రెండు గిన్నెల బాచోయ్ నూడుల్స్ సూపు తాగించాను. చేపల తొట్టెలు చూపించాను. సామాన్ల దుకాణంలో చీపుళ్ళలో రకాలు వివరించాను. చీపుళ్ళ గురించి నాకంత తెలుసని నాకే తెలియదు.

"అయిందా? ఇక మూడో అంతస్తుకి నడు."

"ఎస్కలేటర్ పాడైందటే."

"మరి ఆ పైకి పోతున్నవాళ్ళంతా ఎగురుతున్నారా?"

పైకి వెళ్ళగానే టోపీ ముక్కు దాకా లాక్కుని ఓ బట్టల బొమ్మ వెనక నక్కాను. అయినా జొనాలిన్ కళ్ళు గద్ద కళ్ళు.

"సర్! మీ ఆవిడ మోకాళ్ళెలా ఉన్నాయి?"

సరిగ్గా అప్పుడే పసుపుపచ్చ గౌను ఒకటి ఒంటికి ఆనించుకుని ఫీనా వచ్చింది. "ఏమయ్యా, ఇది నాకు నప్పిందా?"

జొనాలిన్ ముఖం మారిపోయింది. "ఈవిడెవరు సర్?"

ఫీనాయే చెప్పింది. "ఎవరంటావేమిటి? ఈయన పెళ్ళాన్ని."

"అబద్ధం! ఈయన పెళ్ళాన్ని నేను ఆరేళ్ళుగా ఎరుగుదును. ఇంత పొడుగుంటారు. ఆ తల్లి మోకాళ్ళు పట్టుకుని ఇంట్లో పడి ఉంటే, ఆవిడ మొగుణ్ణి వెంటేసుకుని మీరు షికార్లు కొడతారా? ఆవిడ కోసం నేను ప్రార్థనలు చేశానండీ!"

కౌంటర్ అమ్మాయిలు చేరారు. సెక్యూరిటీ అతను వచ్చాడు. ఓ ముసలావిడ చేతిలోని లంగా పక్కన పడేసి "ఉంపుడుగత్తెలకి పట్టపగలు కూడా సిగ్గు లేకుండా పోయింది" అని తీర్పు చెప్పేసింది. ఫీనా ఎవరి మీదా అరవలేదు. అదే నన్ను చంపింది.

"ఆవిడకి ఏ రంగు ఇష్టమమ్మా?" అని జొనాలిన్‌ని అడిగింది.

"నీలం! మెడకి లేసుండాలి!" అంటూ జొనాలిన్ నా వైపు వేలు చాచింది.

ఫీనా నా వైపు తిరిగింది. "ఎవరయ్యా ఆ నీలం మనిషి?"

టంగుమని గంట మోగింది. మూడయింది. మైకులో మూడు గంటల ప్రార్థన మొదలైంది. తెలుసుగా, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. సెక్యూరిటీ అతను టోపీ తీశాడు. ముసలావిడ కళ్ళు మూసుకుంది. జొనాలిన్ వేలు మాత్రం నా వైపు అలాగే చాచి ఉంది.

ఆ కాస్త సేపట్లో నాకు దారి కనబడింది. "అవును, ఇంకొకావిడ ఉంది" అంటే చాలు. ఈ ఊళ్ళో అందరికీ అర్థమయ్యే తప్పు అది. చర్చిలో ఫాదర్ క్షమిస్తాడు. మీరు వీపు తడతారు. ఫీనా మూకుడు విసిరి, ఏడ్చి, ఏడాదికి సర్దుకుంటుంది. గౌను తొడుక్కున్నానంటే ఎవరు సర్దుకుంటారు? నాకు భయం వేసింది. ఇంత వయసొచ్చి చిన్నపిల్లాడిలా భయపడ్డాను.

కళ్ళెత్తి ఫీనాని చూశాను. కళ్ళు మూసుకుని ప్రార్థన అంటోంది. ఆ పసుపుపచ్చ గౌనుని ఇంకా ఒంటికి ఆనించుకునే ఉంది. నేను ఇంకొకరిని ఎక్కువగా ప్రేమించానని ఈ మనిషి నమ్మాలా? ఇరవై ఆరేళ్ళ కాపురం తరవాతా? నా వల్ల కాలేదు.

ఆమెన్ అన్నారు. జొనాలిన్ వేలు మళ్ళీ ఆడింది.

"అవి నావి," అన్నాను.

"ఏవి సర్?"

"ఆ గౌన్లన్నీ. నేనే తొడుక్కుంటాను. పొడుగాటి భార్య ఎవరూ లేరు. నాకున్నది ఈవిడొక్కతే."

ప్రార్థనకి ఆగని చంటిపిల్లలు కూడా ఆ మాటకి ఆగారు.

"మరి మోకాళ్ళో?" అంది జొనాలిన్.

"బాగానే ఉన్నాయమ్మా."

"నా తైలం?"

"మా అత్తగారికి రాశాను. ఆవిడకి తగ్గింది."

ఫీనా పెద్ద ఊపిరి వదిలింది. "ఆరేళ్ళు పట్టిందయ్యా నీకు ఆ ముక్క అనడానికి."

"నీకు... తెలుసా?"

"చచ్చిన ఫ్రిజ్‌కి తాళం వేసే మెకానిక్కు లోకంలో ఎవడయ్యా? బొద్దింకలు ఊరేగే ఆ షెడ్డులో నీ లేసుని ఒక్క పురుగు ముట్టలేదంటే నీ పుణ్యమనుకున్నావా? మూడు నెలలకోసారి నీ తాళంచెవి తీసి కలరా ఉండలు మార్చేది నేను. పోయినేడు ఊడిన జిప్పు దానంతటదే కుట్టుకుందా?"

నిజం చెప్పొద్దూ, దేవుడి దయ అనుకున్నాను.

"నీ జేబుల్లో రసీదులు తీసి చొక్కాలు ఉతికేది నేను. అన్నిటి మీదా జొనాలిన్ అనే పేరే. ఈ పిల్ల ఎదురుగా ఏం చెప్తావో చూద్దామనే లాక్కొచ్చాను."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వే చెప్తావని." ఆ మాట అంటూ పసుపుపచ్చ గౌనుని మడతలు పెట్టింది. "మొదట్లో భయపడ్డాను. రోజుల తరబడి కంటికి కునుకు లేదు. తరవాత, పోనీలే, మనిషి మంచివాడే కదా అనుకున్నాను. గౌన్లకి కాదయ్యా నా ఏడుపు. ఆ లేసు చూసి, వంటింట్లో మూకుడు చూసుకునేదాన్ని. ఇంత ఏరి కొనడం తెలిసినవాడివి, నాకెందుకు కొనలేదు?"

ఆరేళ్ళు గౌన్ల గురించి సిగ్గుపడ్డాను గానీ, సిగ్గుపడాల్సింది మూకుడు గురించి. అందరి ముందూ ఏడ్చేశాను. ముసలావిడ నాకు చేతిరుమాలు ఇచ్చింది.

ఫీనా ముక్కు తుడుచుకుని జొనాలిన్‌తో అంది. "అమ్మాయ్, ఈ పసుపుపచ్చది నాకు కట్టు. ఈయనకి నీలం ఆపెయ్, ఆ ముఖానికి జ్వరం తగిలినట్టుంటుంది. ఆ ఆకుపచ్చది తియ్యి."

జొనాలిన్ కాసేపు నన్నే చూసింది. నా లేని భార్యని పోగొట్టుకున్న దుఃఖం ఆ పిల్ల కళ్ళలో ఉంది. చివరికి ఆకుపచ్చ గౌను వెనక్కి పెట్టి, ఇంకోటి తీసింది. "అది పట్టదు మేడమ్. ఈయన భుజాలు నాకు తెలుసు."

సెక్యూరిటీ అతను మగవాళ్ళు బట్టలు మార్చుకునే గదులు కింద ఉన్నాయని ఏదో అనబోయాడు. ఫీనా చూసింది. చివరి గది ఖాళీగా ఉందని తనే చెప్పి వెళ్ళిపోయాడు.

షెడ్డులో నాకున్నది గడ్డం గీసుకునే అద్దం. ఇన్నేళ్ళూ నన్ను నేను ముక్కలు ముక్కలుగానే చూసుకున్నాను. ఆ గదిలో తల నుంచి కాళ్ళ దాకా అద్దం ఉంది. అందులో నిలబడ్డ మనిషి అందంగా లేడు, యాభై దాటిన మెకానిక్కులానే ఉన్నాడు. కానీ మొత్తం ఉన్నాడు.

తలుపు కింద ఫీనా పాదాలు కనబడుతున్నాయి. నా ప్యాంటూ చొక్కా చేతి మీద వేసుకుని, నా టోపీ పట్టుకుని, మొగుళ్ళ వరసలో నిలబడి ఉంది.

"అయిందా?"

"ఉండు."

"జిప్పు అందట్లేదు కదూ?"

మరోసారి వెనక్కి చెయ్యి చాపి చూశాను. తరవాత "అందట్లేదు" అన్నాను.

"తలుపు తియ్యి మరి. ఎన్నాళ్ళని ఒక్కడివే లాక్కుంటావు?"

గడియ తీశాను.