గంట మౌనానికి ఆధారం

ఆ ఉదయం కళ్లజోళ్ల షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే. షాపు తెరిచేలోగా, మొదటి పేజీకెక్కిన తన వ్యాసం చూసుకుని మురిసిపోవాలి.

ఇంటర్నెట్‌లో నలుగురూ కలిసి ఊరికే రాసే విజ్ఞాన సర్వస్వంలో సంగీత విద్వాంసుల వ్యాసాలు ఎక్కువగా ఆయన చేతిమీదే నడుస్తాయి. ఇవాళ దాని మొదటి పేజీకెక్కింది ఒక వయొలిన్ విద్వాంసురాలి వ్యాసం. మూడేళ్ల క్రితం రాసింది. 'కచేరీకి ముందు గంటసేపు ఆవిడ ఎవరితోనూ మాట్లాడరు' అని అందులో ఉంది. ఓ కచేరీకి గంట ముందు ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. అందుకని అలా రాశాడు.

ఈ శుభవార్త ఆవిడకి చెబుదామని పాత డైరీ తీశాడు. కాఫీ తెచ్చిన భార్య తొంగిచూసింది.

"ఈ నంబరు మన ప్లంబర్‌దండీ!"

"ప్లంబర్‌దా? మూడేళ్ల క్రితం నేను చేసింది దీనికే!"

"ఎత్తలేదంటే ఆయనే. జన్మలో ఎవరి ఫోన్ ఎత్తాడు గనక! ఆయనదీ మౌనమేనని ఓ వ్యాసం రాసెయ్యండి."

ఆయన కాఫీ పక్కన పెట్టేశాడు. ఎనిమిదేళ్లలో ఒక్క తప్పు రాయలేదన్న పేరుంది. ఇవాళ పదకొండింటికి ఆవిడ కచేరీ. ఎవరైనా అడిగితే, ఆవిడ కాదంటే, ఆ పేరు కాస్తా గంగలో కలుస్తుంది. గబగబా వాక్యం చెరిపేశాడు.

నిమిషంలో అది తిరిగొచ్చింది. తెచ్చినవాడు ఒక చరిత్ర లెక్చరర్. తెల్లారిందన్నా రుజువడిగే మనిషి కాబట్టి తోటివాళ్లు ఆధారం మాస్టారు అంటారు. షాపాయన ఆయనకి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, అది తప్పండీ. రాసినవాణ్ణి నేనే చెప్తున్నా."

"మీరు చెప్తే సరిపోతుందా? నా దగ్గర ఆధారముంది. వారపత్రికలో అక్షరం పొల్లుపోకుండా ఉంది."

"పొల్లుపోలేదంటే నాది కాపీ కొట్టారనే కదండీ!"

"ఆ మాటకి ఆధారం?"

ఇక ఆవిడ చేతే చెప్పించాలి. పదింబావుకల్లా హాలు వెనక గది దగ్గరున్నాడు. తలుపు బయట ఆవిడ చుట్టాలు, ఒక విలేకరి కూర్చున్నారు. మేనేజర్ నోటిమీద వేలుపెట్టి తన ఫోన్‌లో వ్యాసం చూపించాడు.

"అమ్మగారు మౌనంలో ఉన్నారండీ. ఇందులోనే రాసుంది."

"అది రాసింది నేనే!"

ఆ మాటకి మేనేజర్ మర్యాదగా తలుపు తీశాడు.

లోపల ఆవిడ వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారు. షాపాయన ప్లంబర్‌తో సహా అంతా ఒప్పేసుకున్నాడు. ఆవిడ నవ్వి ఒక చీటీ రాసిచ్చారు.

'అప్పుడది అబద్ధమే. మీ వ్యాసం చదివాకే మొదలుపెట్టాను. అంతకుముందు కచేరీ అంటే ఆడపడుచు సలహాలు, మరిదికి పాసులు, పిన్ని మోకాలి నొప్పి. మూడేళ్లుగా హాయిగా ఉన్నాను. దయచేసి తియ్యకండి.'

బతికిపోయాననుకుంటూ ఆయన ఓ మూలకి వెళ్లి మళ్లీ ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఆ వాక్యం ఉంచండి. నిజమేనట!"

"ఇప్పుడే తీసేశాను. మీ అనుమానం కరెక్టే. పత్రిక మన వ్యాసం తర్వాత ఏడు నెలలకొచ్చింది. కాపీయే."

"అయ్యో, ఆవిడే స్వయంగా రాసిచ్చారండీ!"

"ఎక్కడ అచ్చయింది?"

"చీటీ మీద..."

"చీటీ చెల్లదు."

బయట మేనేజర్ గొంతు వినిపించింది. "అరె, ఇందులో ఆ ముక్క లేదే! తీసేశారు కాబోలు. రండమ్మా, లోపలికెళ్లండి!"

ఆడపడుచు ముందు, మరిది మధ్యన, కుంటుకుంటూ పిన్ని వెనక. అంతా ఒకేసారి మొదలుపెట్టారు. ఆవిడ వయొలిన్ పక్కన పెట్టి లేచారు. మూడేళ్లు దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"పాసుల్లేవు! సలహాలొద్దు! పిన్నీ, నేను వాయించేది వయొలిన్, నీ మోకాలు డాక్టర్‌కి చూపించు!"

గుమ్మంలో నిలబడి విలేకరి రాసుకుంటూనే ఉన్నాడు.

మర్నాటి పత్రికలో వచ్చింది: 'కచేరీకి ముందు ఈ విద్వాంసురాలు అరగంటసేపు ఏకధాటిగా అరుస్తారు.'

తొమ్మిదింటికల్లా మాస్టారు దాన్ని వ్యాసంలో చేర్చారు. ఈసారి ఆధారం పక్కాగా ఉంది.