డబ్బా దాకా వచ్చిన వెలుగు

హలో! హలో! అందరూ లైన్లో ఉన్నారా? అన్నలూ, వదినలూ, విశాఖలో సోఫాల మీద కూర్చుని, సీరియల్ రెండు సెకండ్లు ఆగిందని కంపెనీవాణ్ణి తిట్టిపోసే బాబులూ, బాగున్నారా? ఫోను కాస్త దగ్గరగా పెట్టుకోండి. ఈరోజు మీకు కోపం వచ్చే మాట ఒకటి చెబుతాను.

ఇంటర్నెట్టు ఇంటిదాకా రాకపోవడమంత అదృష్టం ఇంకోటి లేదు!

నవ్వకండి. ఫైబర్ తిన్నగా ఇంట్లోకి దూరిన ఊళ్లు ఏమయ్యాయో మీకు తెలీదా? అన్నం ముందు కూర్చున్నవాడు అన్నం వైపు చూడడు. వంటింట్లో ఉన్న పెళ్లాం హాల్లో ఉన్న మొగుడికి "కూరలో ఉప్పు సరిపోయిందా" అని మెసేజ్ పెడుతుంది. ఆయన బొటనవేలు బొమ్మ పంపుతాడు. ఇదా కాపురం?

మా తేనెపుట్టుకి ఆ గతి పట్టలేదు. కంపెనీవాళ్లు దయగలవాళ్లు. ఫైబర్‌ని రోడ్డు మీదే ఆపేశారు.

బొర్రా దాటి అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో, మా ఊరి మలుపు దగ్గర ఓ పచ్చటి ఇనప డబ్బా నిలబడి ఉంటుంది. స్ట్రీట్ క్యాబినెట్ అంటారట. వెంట్రుకంత గాజు తీగలో, వెలుగు రూపంలో, నెట్టు విశాఖ నుంచి కొండలన్నీ ఎక్కి ఈ డబ్బాలోకి వచ్చి పడుతుంది. రెప్పపాటులో! ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లాలంటే మాత్రం, టెలిఫోన్ల కాలంలో వేసిన పాత రాగి తీగ పట్టుకుని కొండెక్కాలి. రాగి తీగ పొడుగయ్యేకొద్దీ నెట్టు నీరసిస్తుంది. అతుకు ఉన్నచోటల్లా వాననీరు దిగుతుంది. అంటే, విమానంలో వచ్చినవాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపి డోలీ ఎక్కించినట్టన్నమాట. డోలీ అంటే మాకు కొత్తేమీ కాదు లెండి.

లాభాలు ఎన్నని చెప్పను! డబ్బా లోపల ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. మంచు పట్టిన పొద్దుల్లో ముసలివాళ్లు దానికి వీపు ఆనించి కూర్చుంటారు. దాని నెత్తిన మిరియాలు ఆరబోస్తే ఎండ కంటే బాగా ఆరతాయి. ఊళ్లో ఒకాయన తమ్ముడి మీద కోపంతో నోటికొచ్చిన బూతులన్నీ టైపు చేసి పంపాడు. అవి చేరేలోపు అన్నదమ్ములిద్దరూ సంతలో కలిసి, కల్లు తాగి, ఏడ్చి, ఒకటైపోయారు. ఇంకొకరింట్లో పెళ్లి వీడియో డౌన్‌లోడ్ పెట్టారు. అది పూర్తయ్యేసరికి పెళ్లికూతురు చంకలో బిడ్డతో కూర్చుని చూసింది!

ఓర్పు నేర్పే యంత్రం అండీ అది. మీ ఊళ్లో ఓర్పు కోసం యోగా క్లాసులు పెట్టుకుంటారు.

ఈ అదృష్టం అర్థం కాని మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. అంగన్‌వాడీ టీచరు రమణి.

డబ్బా రాకముందు తేనెపుట్టు సిగ్నల్ లేని ఊరు. అందుకని పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ ఇచ్చే గుడ్లూ పాలూ వేలిముద్ర పెట్టించుకుని ఇచ్చెయ్యమనేవారు. డబ్బాకి రిబ్బన్ కత్తిరించిన రోజునే పై ఆఫీసు కంప్యూటర్లో మా ఊరు ఫైబర్ గ్రామం అయిపోయింది. ఫైబర్ గ్రామానికి వేలిముద్ర ఏమిటి, అవమానం కాదూ? ఇకనుంచి సెంటర్లోనే నిలబెట్టి, ఒక్కొక్కరి ముఖం యాప్‌లోకి ఎక్కించాలన్నారు. ముఖం ఎక్కితేనే గుడ్డు దిగుతుంది.

ముఖాలు ఎక్కలేదు. గుడ్లు దిగలేదు.

రమణికి పిల్లల కంటే ఎక్కువ బెంగ సోని మీద. ఏడో నెల. నర్సమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి, రక్తం తక్కువుంది, రోజూ గుడ్డు తినాలని చెప్పి వెళ్లింది. సోని రోజూ కొండవాలు మీదుగా ఆయాసపడుతూ సెంటరుకి వస్తుంది. యాప్ రెప్పలు ఆర్పమంటుంది. ఫొటో కాదు, మనిషేనని దానికి నమ్మకం కలగాలట.

"ఆర్పే సోనీ, రెప్పలార్పు."

"ఆర్పతన్నాను గదా టీచరమ్మా! ఇంకెన్నిసార్లు?"

"గుండ్రం తిరగతన్నాది. అదాగిందాకా ఆర్పు."

కట్టెలమోపుతో అటు వెళుతున్న దేముడమ్మ ఆగింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు ఆవిడ. గుమ్మంలోంచి తొంగిచూసి మోపు దించేసింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఎవులికే గుంటా అలగ కన్ను కొడతన్నావు? నీ మొగుడు సూసినాడంటే నీ పని అయిపోద్ది!"

"కంపెనీ బాబుకి కొడతన్నాను అత్తా," అంది సోని. "ఎంత కొట్టినా ఆడు పడ్డం లేదు."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగేసరికి తెర మీద 'సమయం మించిపోయింది, మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. సోని ఆ రోజూ ఖాళీ గిన్నెతోనే దిగి వెళ్లింది.

రమణి ఊరుకోలేదు. సిగ్నల్ తగిలే కొండ కొమ్ముకి పిల్లల్ని ఎక్కించింది. మీరు సెంటర్లో లేరంది యాప్. ఆఫీసుకి ఫోన్ చేసింది. "మీ ఊళ్లో ఫైబర్ ఉన్నట్టు చూపిస్తోంది మేడం. లేదని మీరెలా అంటారు?" అన్నారు. చివరికి తన ఇంటి కోళ్లు పెట్టిన గుడ్లు పట్టుకొచ్చింది. పాపం, కోళ్లు ముఖం చూపించమని అడగలేదు, పెట్టగలిగినన్ని పెట్టాయి. రెండు కోళ్లు ఊరికేం చాలతాయి?

ఇంతలో ఇటుకల పండగ వచ్చింది. మా వైపు ఈ పండక్కి మగవాళ్లు వేటకి అడవిలోకి పోతారు. రోడ్డు ఆడవాళ్లదే. అడ్డంగా వెదురు కర్ర కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. కలెక్టరైనా సరే, ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా వాళ్లతో చెయ్యి కలిపి నాలుగడుగులు థింసా ఆడాలి. వాళ్ల మనసు నిండితేనే కర్ర లేస్తుంది.

ఆ కర్ర ముందుకి కంపెనీ వ్యాన్ వచ్చి ఆగింది. దాని పక్కన 'ఇంటింటికీ వెలుగు' అని బ్యానర్. లోపల ఇంజినీరు శివప్రసాద్. విజయనగరం కుర్రాడు, మంచివాడే. డబ్బా పక్కన పిల్లలు నవ్వుతున్నట్టు వీడియో తీసి సాయంత్రంలోగా కంపెనీ ఆఫీసుకి పంపాలట. కిటికీలోంచి నోటు చాపాడు.

"జేబులో ఎట్టుకో బావూ. మాకొద్దు," అంది దేముడమ్మ.

"అయితే దిగి డాన్స్ చెయ్యమంటారా?"

"నీ డేన్సు ఎవులిక్కావాల! మీ డబ్బా మా పిల్లల గుడ్లు తినీసినాది. కక్కించు. అప్పుడు ఎత్తుతాం కర్ర."

"డబ్బా గుడ్లు తినడం ఏంటమ్మా?" అని బిత్తరపోయాడు శివప్రసాద్.

రమణి ముందుకొచ్చి మొత్తం చెప్పింది. సోని ఏడో నెల సంగతీ చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు.

"నా డ్యూటీ డబ్బా దాకానే మేడం. అక్కడి నుంచి రాగి. రాగి వేరే సెక్షన్."

"ఆ సెక్షను బాబు ఎప్పుడొస్తాడు?"

"ఆయన రిటైరైపోయారు. ఇంకా ఎవర్నీ వెయ్యలేదు."

"అయితే ఆయన బదులు నువ్వే రా," అని దేముడమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కొండెక్కించింది.

సెంటర్లో చాప మీద కూర్చున్నాడు శివప్రసాద్. సోనిని ఎదురుగా నిలబెట్టి తన ఫోన్లోనూ ప్రయత్నించాడు. గుండ్రం తిరిగింది. లైను కట్ చేసి, మళ్లీ కలిపి చూశాడు. మళ్లీ తిరిగింది. సాయంత్రంలోగా పంపాల్సిన వీడియో గుర్తొచ్చి ముఖానికి చెమట పట్టింది.

"నువ్వు కూడా ఓసారి కన్ను కొట్టు బావూ," అంది దేముడమ్మ. "దానికి నీ మొకం నచ్చుద్దేమో!"

అప్పుడు తట్టింది ఆయనకి. "మేడం, డబ్బా దగ్గరైతే స్పీడు అదిరిపోద్ది. పిల్లల్ని అక్కడికే దింపేస్తే?"

"అది సెంటరు కాదంటాది గదా బాబూ."

"సెంటర్ అడ్రస్సే మార్పించేద్దాం!"

కిందికి దిగారు. డబ్బా తలుపు తీసి వైరు కలిపి, అక్కణ్ణుంచే అంగన్‌వాడీల పై ఆఫీసుతో మాట్లాడాడు. నిమిషంలో మారిపోయింది! తేనెపుట్టు అంగన్‌వాడీ కేంద్రం, ఘాట్ రోడ్డు, మలుపు పక్కన. చూశారా, తీగ లాగడానికి మనిషి దొరకని చోట అడ్రస్ మార్చడానికి మనిషి దొరికాడు. ఇద్దరు ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని సోనిని దింపారు. ఒక్కసారి రెప్పలార్పింది. ముఖం ఎక్కేసింది! ఆడవాళ్లు కేకలు పెట్టారు. కర్ర లేచింది. శివప్రసాద్‌కి పిల్లలు నిజంగానే నవ్వుతున్న వీడియో కూడా దొరికింది.

గుడ్లు దిగుతున్నాయి. సోని రోజూ తింటోంది. ఇంకేం కావాలి?

ఫైబర్‌ని ఇంటికి తేవడం కష్టమైతే ఇంటినే ఫైబర్ దగ్గరికి మోసుకుపోవచ్చు! ఇంత తేలిక ఉపాయం మీ పట్నాల్లో ఒక్కడికైనా తట్టిందా? రేపు మంచినీళ్ల పైపు లోయలో ఆగిపోతే లోయలోనే కాపురం పెడతాం. అంబులెన్సు రోడ్డు మీద ఆగిపోతే రోడ్డు మీదే కంటాం. వసతుల్ని ఇబ్బంది పెట్టకూడదు, మనమే సర్దుకోవాలి.

ఒక్క రమణి మాత్రం ఇప్పుడు కూర్చోదు. డబ్బా పక్కన కట్టిన టార్పాలిన్ కింద పిల్లలు పాట పాడుతుంటే, ఆమె వాళ్లకీ తారు రోడ్డుకీ మధ్య చేతులు చాపి నిలబడుతుంది. ఒక చేత్తో కెమెరా పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ టూరిస్టులు ఆ మలుపు తిరుగుతారు. మొన్న బంతి వెనకాల పరిగెత్తిన గుంటణ్ణి చొక్కా పట్టుకుని లాగింది. చొక్కా చిరిగింది, పిల్లాడు మిగిలాడు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

పండగ ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ మర్నాడే ఆడవాళ్లు వెదురు కర్ర మళ్లీ తెచ్చి రోడ్డుకి అడ్డంగా కట్టారు. పండగ పేరుతో డబ్బులు లాగుతున్నారనుకుని కారులవాళ్లు విసుక్కుంటూ నోట్లు విసురుతున్నారు.

"డబ్బులొద్దు బాబూ," అంటుంది రమణి. "మెల్లగెల్లండి. పిల్లలున్నారు."

డబ్బా నుంచి కొండ మీది పాత సెంటరుకి దూరం ఎంతో చెప్పనేలేదు కదూ? అంగన్‌వాడీ పిల్లలు రొప్పకుండా ఎక్కేసేంత. ఆ కాస్త మేర గాజు తీగ లాగితే చాలు.

అందాకా నాకొక్క సాయం చేసి పెట్టండి. మీకు నెట్టు ఇంట్లోనే ఉంది కాబట్టి, ఈ కథని అరకు బయలుదేరే ప్రతివాళ్లకీ పంపండి. రాగి సెక్షన్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే వాళ్లకి ముందు పంపండి. బొర్రా దాటాక ఆ మలుపు దగ్గర వెదురు కర్ర కనబడితే చిల్లర వెతక్కండి.

బ్రేకు వెయ్యండి.