వేణి గారి తెడ్ల పండుగ

ఒక పెద్ద అడవిలో సమస్యలకు కొదవ లేదు. వాటిని పరిష్కరించే కమిటీలకు అసలే కొదవ లేదు. ఆ కమిటీల్లో చాలావాటికి కార్యదర్శి ఒక్కతే: కంటకవేణి అనే ముళ్ళపంది.

వేణిది నడివయసు. మాట సూటి, నడక వడి, తీరిక సున్నా. "ఎవరో ఒకరు చెయ్యాలి కదండీ" అంటూ ప్రతి పనీ నెత్తిన వేసుకునేది. ఆ తర్వాత "అన్నీ నేనే చెయ్యాలా?" అంటూ అందరినీ దులిపేది. ముళ్ళున్నాయి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కారు.

కిందటి చలికాలం ఒక చుక్కల జింక పోయింది. రొమ్ములో గడ్డ. లేచినప్పుడు చెప్పలేదు, పెరిగినప్పుడు చెప్పలేదు. చెప్పే వేళకు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆ జింకా వేణీ రోజూ పొద్దున్నే నీళ్ళ రేవులో కలిసి లోకాన్నంతా విమర్శించుకునేవారు.

వేణి ఏడవలేదు. కమిటీ వేసింది.

ఆ అడవి అంచున, సరస్సు ఒడ్డున ఉన్న గుహలో సుముఖి అనే కొండముచ్చు ఉండేది. వైద్యురాలు. ఏ గడ్డ మామూలుది, ఏది క్యాన్సర్, దాన్ని ఏ వేరు, ఏ పసరు ఆపగలదు అని ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తోంది. దానికి తేనె, మైనం, మందు దుంపలు బోలెడు కావాలి.

"విరాళాలు పోగుచేద్దాం" అంది వేణి.

ఎలా చెయ్యాలో వలస బాతులు చెప్పాయి. ఎక్కడో ఒక చెరువులో జంతువులన్నీ జట్లు జట్లుగా చిన్న చిన్న దోనెలెక్కి, తెడ్లు వేసుకుంటూ చుట్టి వచ్చాయట. ఎన్ని చుట్లు తిరిగితే దాతలు అన్ని కుండల తేనె ఇచ్చారట. సరదాకు సరదా, పుణ్యానికి పుణ్యం.

చాలా సులువైన పని. కమిటీ ముందుకు వెళ్ళేదాకా అన్ని పనులూ సులువైనవే.

ఇంకొక్క సంగతి. మొదటి సమావేశానికి ముందు రోజు వేణి బండకు ఒళ్ళు రుద్దుకుంటుంటే, ముందుకాలి వెనకాల రేగుగింజంత గట్టిగా ఏదో తగిలింది. ముళ్ళపందులకు రొమ్ములు పక్కలకే ఉంటాయి, ముళ్ళ మొదళ్ళలో. వేణి మళ్ళీ తడిమి చూసుకోలేదు. "ముందు ఈ కార్యక్రమం కానీ, చూపించుకుందాం" అనుకుంది. అవగాహన కల్పించేవాళ్ళకు అవగాహన ఎలాగూ ఉంటుంది కదా!

సమావేశానికి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు. ఏ సభకైనా ఆయనే అధ్యక్షుడు. ఎందుకో ఎవరికీ గుర్తులేదు.

"బ్యానర్ మీద ఏం రాయమంటారు?" అని అడిగింది ఉడుత తురాయి. అలంకరణంతా దానిదే.

"రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం తెడ్ల పండుగ" అంది వేణి.

భల్లూకరావు దగ్గాడు. "ఆశయం గొప్పదే వేణి గారూ. కాకపోతే ఆ మాట... కుటుంబాలతో వస్తారు."

"కుటుంబాలన్నీ పాలు తాగి పెరిగినవేనండీ. మీతో సహా."

"అది ఇంట్లో సంగతి. ఇది బ్యానర్."

"మరి ఏమని రాద్దాం? ఫలానా చోట గడ్డ అనా?"

"ఫలానా చోట కూడా కొంచెం ఎక్కువే" అన్నాడు భల్లూకరావు, నేల చూపులు చూస్తూ.

చివరికి 'శుభ ఆరోగ్య తెడ్ల పండుగ' అని ఖాయం చేశారు. దాంతో పండుగ దేనికోసమో ఎవరికీ తెలియకుండా పోయింది. పంటి నొప్పికని కోతులు అనుకున్నాయి. గిట్టల పుళ్ళకని కణుజు దుప్పులు సంతోషించాయి.

తర్వాత దోనెల సంగతి వచ్చింది. అడవిగేదె మందాకిని నెమరు ఆపి నోరు తెరిచింది. ఆవిడ నెమరు ఆపిందంటే అందరికీ భయం.

"ఏమ్మా వేణీ, నేను ఏ దోనెలో?"

"మీ ఇష్టం మందాకిని గారూ. ముంగిసల జట్టులో చోటుంది."

"ముంగిసలతోనా? సరే. పోయినసారి మొక్కలు నాటే సభలో నన్ను వేదిక మీదికి పిలవలేదు. నేనేమీ అనుకోలేదు. ఇప్పటికీ ఏమీ అనుకోవడం లేదు. ఆ మాటే కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను, అంతే."

ఇక ప్రతివారికీ తమ దోనె ముందుండాలని గుర్తొచ్చింది. ముందు నడిచే దోనెలో ఎవరు, అందులో మొదటి వరసలో ఎవరు అని పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. ఆఖరికి భల్లూకరావు తీర్పు చెప్పాడు.

"చిన్న దోనెలు వద్దు. గాలివానకు పడిన ఆ పెద్ద మద్దిమానుతో ఒక్కటే దోనె చేయిద్దాం. అదే దోనె, అదే వేదిక. ముఖ్య అతిథిగా నెమలి గారిని పిలుద్దాం. జ్ఞాపికలు కలకాలం నిలవాలి కాబట్టి నున్నటి ఏటిరాళ్ళు ఇద్దాం. పెద్దవి."

ఒక్క దోనెతో తెడ్ల పండుగ ఏమిటని వేణికి తోచింది. కానీ అప్పటికే ఆకలి దంచేస్తోంది. సరేనని చెయ్యెత్తింది. దాతలను మాత్రం, ఎవరూ చుట్లు తిరగకపోయినా తేనె ఇచ్చేలా ముళ్ళు విదిలించి ఒప్పించింది.

పండుగ ముందు రోజు సుముఖి వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి వేణి గులాబీ రంగు దేవకాంచనం పూలు చాలవని తురాయిని చీవాట్లు పెడుతోంది.

"వేణక్కా, తేనె సరే. కానీ నాకు ముందు కావలసింది జంతువులు. గుహకు ఒక్కరూ రావడం లేదు. అందరికీ సిగ్గే. చూడనివ్వకపోతే నేను దేన్ని పరిశోధించను?"

"అందుకేగా ఇదంతా! అవగాహన వస్తే వాళ్ళే వస్తారు."

"మీరు రండి ముందు. మిమ్మల్ని చూసి నలుగురూ వస్తారు."

వేణి ముళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. "నాకేం? నేను నిక్షేపంగా ఉన్నాను. ముందు కార్యక్రమం కానీవమ్మా."

సుముఖి ఆ ముళ్ళ వంక ఒక క్షణం చూసి వెళ్ళిపోయింది.

పండుగ రోజు ఒడ్డంతా కిటకిటలాడింది. దోనెను లావుపాటి తీగతో గట్టున మిగిలిన మద్దిమొద్దుకు కట్టారు. తెడ్లు పట్టుకుని అడవిపంది కుర్రాళ్ళు సిద్ధంగా కూర్చున్నారు. దోనె మధ్యలో తేనె కుండలు, పక్కన జ్ఞాపికల గుట్ట. నెమలి కలాపి గారు రావలసిన వేళకు రాలేదు. ముఖ్య అతిథి కాబట్టి అది పద్ధతే. ఎండ ముదిరాక వచ్చాడు.

వేణి సొరబుర్ర నోటి దగ్గర పెట్టుకుని పిలుపులు మొదలుపెట్టింది. "సభాధ్యక్షులు భల్లూకరావు గారిని వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాను!" భల్లూకరావు అలంకరించాడు. దోనె ఒక పక్కకు ఒరిగింది. "ముఖ్య అతిథి కలాపి గారు!" నెమలి అలంకరించాడు.

అప్పుడు వేణి కంటికి మందాకిని కనిపించింది. నెమరు ఆగిపోయి ఉంది.

"మన అడవి పెద్ద దిక్కు, మందాకిని గారు!"

ఇక ఆపడం వేణి వల్ల కాలేదు. గేదెను పిలిచి కణుజును పిలవకపోతే ఎలా? కణుజును పిలిచి కుందేళ్ళ సంఘాన్ని పిలవకపోతే ఎలా? కోతులు పిలవక ముందే ఎక్కేశాయి కాబట్టి వాటినీ పిలిచేసింది. చోటు చాలక తెడ్ల కుర్రాళ్ళతో "బాబూ, కాస్త దిగండమ్మా, పెద్దలు నిలబడ్డారు" అంది. దిగినవాళ్ళ తెడ్లకు పూలు చుట్టి అతిథుల చేతుల్లో పెట్టింది, అందంగా ఉంటుందని. చూస్తుండగానే ఒడ్డు ఖాళీ అయింది. వేదిక మీద అడవి అంతా ఉంది. వినేవాళ్ళు లేరు.

ఒడ్డున మిగిలింది పంది కుర్రాళ్ళూ, సుముఖీ. ఆమెను పిలవడం వేణి మర్చిపోయింది. మర్చిపోయిందో, మర్చిపోతేనే హాయిగా ఉందో, ఆ సమయంలో వేణిని అడిగినా చెప్పేది కాదు. తనూ చివర్లో ఎక్కి కొసన నిలబడింది.

కలాపి గారు పింఛం విప్పి మొదలుపెట్టాడు. "నాకు రొమ్ములు లేకపోవచ్చు. నేను పక్షిని. అయినా ఈ సమస్య నా గుండెకు ఎంతో దగ్గరగా..."

పండుగ దేనికో అప్పుడే తెలిసిన కణుజు తన గిట్టలకేసి దిగులుగా చూసుకుంది.

"ఇప్పుడు కలాపి గారు రిబ్బను కత్తిరించి ప్రారంభిస్తారు!" అంది వేణి.

రిబ్బను ఏదని కలాపి అటూ ఇటూ చూశాడు. తురాయి దోనె కట్టిన తీగకే పూలు చుట్టి పెట్టింది. నెమలి ముక్కుతో ఒక్క పోటు పొడిచాడు. చప్పట్లు మోగాయి. దోనె కదిలి, ఎవరూ అడగకుండానే సరస్సు మధ్యకు బయలుదేరింది.

"వేణి గారూ, తెడ్డు ఎలా పట్టుకోవాలి?" అన్నాడు భల్లూకరావు.

"పువ్వు పైకి ఉండాలండీ."

"అది సరే. నడపడం ఎలా?"

వేణి ఒడ్డుకేసి చూసింది. నడపడం వచ్చినవాళ్ళందరూ అక్కడ నిలబడి చేతులూపుతున్నారు.

"వేణి గారూ, నా కాళ్ళు తడుస్తున్నాయి" అంది ఒక కుందేలు.

"సభ మధ్యలో మాట్లాడకండి. ఇప్పుడు జ్ఞాపికల ప్రదానం!"

జ్ఞాపికలు ఒక్కొక్కరి చేతికీ అందాయి. రాళ్ళు అందుకున్నవాళ్ళందరూ, ఫొటోకు నిలబడినట్టు, ఒడ్డు వైపు పక్కకే చేరి నిలబడ్డారు. అంతే. దోనె నిదానంగా, హుందాగా, వేదికకు తగిన మర్యాదతో మునిగింది. తేనె కుండలు ముందు వెళ్ళాయి. కలాపి గారు "నాకు ఇంకో కార్యక్రమం ఉంది" అంటూ ఎగిరిపోయాడు.

అదృష్టం ఏమిటంటే మందాకినికి నీళ్ళంటే ప్రాణం. "రాళ్ళు వదలండర్రా, నా మీదికెక్కండి!" అని రంకె వేసింది. కుందేళ్ళు, కోతులు, ఉడుత, ముంగిసలు ఆవిడ వీపు మీదికి పాకాయి. "ఇక నన్ను వేదిక మీదికి పిలవలేదని బాధ లేదు" అంది ఈదుతూ. "వేదికే నేను."

వేణి మునగలేదు. ముళ్ళపంది ముళ్ళు బోలుగా ఉంటాయి. బెండుముక్కలా పక్కకు ఒరిగి తేలుతూ, సొరబుర్ర వదలకుండా, "ఎవరూ కంగారు పడకండి, తర్వాతి అంశం వందన సమర్పణ" అంటూనే ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

కొట్టుకొచ్చింది సరిగ్గా సుముఖి గుహ ముందుకు. అందరూ అక్కడే చేరారు. ఎండకు కాగిన బండల మీద వరసగా పడి వణుకుతున్నారు. పారిపోయే ఓపిక ఒక్కరికీ లేదు. సిగ్గుపడే ఓపిక అంతకన్నా లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ ఎక్కని గుమ్మం ముందు అడవిలోని ఆడజంతువులన్నీ తడి ఒళ్ళతో బారులు తీరి ఉన్నాయి.

సుముఖి ఉపన్యాసం ఇవ్వలేదు. వరస మొదట కూర్చుంది. "ముందుకాలు ఎత్తండి. నొప్పి ఉంటే చెప్పండి. అయింది. తర్వాత ఎవరు?" పక్కవాళ్ళను పరీక్షించడం చూసిన ప్రతివారూ తామూ కాలెత్తారు. భల్లూకరావు భార్య కూడా ఎత్తింది. ఆయన ఈసారి దగ్గలేదు.

వేణి మెల్లగా లేచింది. "నేను దోనె సంగతి చూసి..."

"దోనె అడుగున ఉంది వేణక్కా. కూర్చోండి."

ముళ్ళు లేపుదామని చూసింది. లేవలేదు. తడిసి ఒంటికి అంటుకుపోయాయి. సుముఖి వేళ్ళు ముందుకాలి వెనక్కి వెళ్ళి, ఒకచోట ఆగాయి.

"ఎప్పటి నుంచి?"

"ఏది?"

"వేణక్కా."

వేణి సరస్సుకేసి చూసింది. "మొదటి సమావేశం ముందు రోజు నుంచి."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"అవగాహన కల్పిస్తున్నాను."

సుముఖి నవ్వలేదు. "ఇంకా చిన్నదే. ఏ రకమో చూడాలి. ఏదైనా మంచిదే, పెరగకముందే వచ్చారు."

"రాలేదమ్మా. కొట్టుకొచ్చాను." తర్వాత ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది. "మా జింక కూడా ఇంత ముందే వచ్చి ఉంటే?"

"తెలీదు. రాలేదు కాబట్టి తెలీదు. తెలుసుకోవడానికే నేనిక్కడ కూర్చున్నది."

గడ్డ చెడ్డదే అని తేలింది. సుముఖి కోసి తీసేసింది. చేదు పసర్లు తాగించింది. వాటి దెబ్బకు వేణి ముళ్ళన్నీ రాలిపోయాయి. ముళ్ళు లేని ముళ్ళపందిని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ మొదటిసారి ఆమె పక్కనే ఆనుకుని కూర్చున్నారు. వేణికి అది నచ్చింది. నచ్చిందని ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళలో కొందరు పోతూ పోతూ గుహ ముందు ఇంత తేనె పెట్టి వెళ్ళారు, దండలూ జ్ఞాపికలూ లేకుండానే.

ముళ్ళు మళ్ళీ మొలకెత్తే వేళకు సమీక్షా సమావేశం జరిగింది. 'పండుగ దిగ్విజయం' అని భల్లూకరావు ప్రకటించాడు. బ్యానర్ మీద ఈసారి ఆ మాట రాయాలని ఆయనే అన్నాడు. అనేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి కానీ, అన్నాడు. "అయితే ఒక్క మార్పు. వచ్చే ఏడు వేదిక గట్టున, గట్టిగా రాతితో కడదాం."

"వద్దండీ" అంది వేణి. "మళ్ళీ ఆ దోనే కావాలి. పైకి తీయించండి."

"అది మునుగుతుంది కదండీ!"

"అందుకే. ఈసారి మిగిలిపోయినవాళ్ళను కూడా పిలుస్తాను."

మందాకిని నెమరు ఆపి, సమ్మతంగా తలూపింది.

కాబట్టి ఈ కథ వల్ల తెలుసుకోవలసింది ఒక్కటే: సభ నలుగురికీ ఉపయోగపడాలంటే, వేదిక మరీ గట్టిగా ఉండకూడదు.