అతుక్కి చిలుము పట్టాలి

ఆరుబయట కేబులుకు రేడియో ఏరియల్ రాగి తీగ కలిపేటప్పుడు అతుకు గట్టిగా వేయకూడదు. రెండూ మెలిపెట్టి, పైన కాస్త టేపు చుట్టి, మేడ దిగి వచ్చేయాలి. సీసం కరిగించి సోల్డరింగ్ చేసేవాడు కుటుంబ ద్రోహి.

నవ్వకండి. వాన రెండు వీధుల అవతల ఉండగానే టేపు అతుకు ఉన్న రేడియో మూగబోతుంది. వాతావరణ శాఖకు ఆ ముందుచూపు ఉందా? ఇక దాన్ని సరిచేయడానికి రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కే మనిషికి జిమ్ములెందుకు, మందులెందుకు!

అసలు లాభం వేరే ఉంది. ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. అత్తగారికి రేడియో ప్రాణం. ఆవిడ కోసం కొడుకు మేడ మీద రాగి తీగ కట్టి, దానికి టీవీల నల్ల కేబుల్ అతికించి, కిటికీలోంచి గదిలోకి దించాడు. అతుక్కి ప్రస్తుతానికి టేపు చుట్టాడు. తీరిగ్గా బాగుచేస్తానన్నాడు. నిరుడు పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. కోపాలేం లేవు. ఒకరు నోరు తెరిస్తే రెండోవారు ఏడుస్తారేమోనని ఇద్దరికీ భయం. గిన్నె మూత చప్పుడైతే భోజనానికి పిలిచినట్టు.

అయిదు నెలలకు వానలు పడ్డాయి. అతుక్కి పచ్చగా చిలుము పట్టింది. రేడియో పోయింది. కోడలు మేడెక్కింది.

"వచ్చిందా అత్తయ్యా?"

"గురగురమంటోంది, నువ్వు పొయ్యి మీద మరిచిపోయే పాలలా."

"ఇప్పుడో?"

"ఎవరో దగ్గుతున్నారు. పాటో వార్తలో తెలీడం లేదు."

"వార్తలైతే ఆ దగ్గే నయం."

చూశారా? ఓదార్చడానికొచ్చిన బంధువులంతా కలిసి చేయలేని పని చిటికెడు చిలుము చేసింది. అప్పట్నుంచి చినుకు పడితే చాలు, ఆ ఇంట్లో అరగంట మాటలు.

ఇంతలో బుద్ధిమంతుడైన కేబుల్ మెకానిక్ ఒకడు దాపురించాడు. వద్దన్నా వినకుండా చిలుము గీకి, సోల్డరింగ్ చేసి, నీళ్ళు దిగకుండా రబ్బరు టేపు బిగించాడు. "పదేళ్ళ దాకా దీని జోలికి రానక్కర్లేదమ్మా" అన్నాడు. పనిమంతులు ఇలాగే కొంపలు ముంచుతారు.

వారమంతా ముసురు. రేడియో మాత్రం ఖంగుమని మోగింది. ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

ఎనిమిదో రోజు ఎండ ఫెళ్ళున కాసింది. "అమ్మాయ్, రేడియో పోయిందే" అని అత్తగారు కేకేసింది.

కోడలు మేడెక్కింది. కింద గదిలోంచి పాట పల్లవితో సహా పిట్టగోడ దాకా వినిపిస్తోంది. అతుకు మీద ఊరికే చెయ్యి ఆనించింది.

"వచ్చిందా అత్తయ్యా?"

అత్తగారు ఆ పాట కన్నా గట్టిగా అరిచింది.

"ఎక్కడ? ఒక్క ముక్క వినపడటం లేదు. తొందరేం లేదు, నెమ్మదిగా చూడు."