మైండ్ గ్రోత్ కోసం

ఆ ఆదివారం ఉదయం హరిప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడికి వెళ్ళేలోపు ఒక ప్రార్థన చీటీ రాయాలి. అందులో అబద్ధం ఉండకూడదు, నిజమూ బయటపడకూడదు.

జంషెడ్‌పూర్‌లో బాగ్‌బేరా తెలుగు క్రైస్తవ సంఘం మొత్తానికి డిగ్రీ పాసైన మొదటి మనిషి అతను. ముప్పై అయిదేళ్ళు వచ్చినా, కూతురు నేహ మూడో తరగతికి వచ్చినా, సంఘంలో అందరికీ అతను ఇంకా 'మా బియ్యెస్సీ బాబు'. పిల్లలు సరిగ్గా చదవకపోతే తల్లులు అతని పేరే చెప్పి మొట్టికాయలు వేసేవారు. అలాంటి బియ్యెస్సీ బాబు కంపెనీలో ఫోర్‌మన్ పోస్టుకి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళి రెండుసార్లూ ఫేలయ్యాడు. ఆ సంగతి భార్య శైలజకు తప్ప ఎవరికీ తెలియదు. తల్లి జోగమ్మకూ, సంఘానికీ మాత్రం "ఆ పోస్టు ఈ ఏడాదికి ఆపేశారు" అని చెప్పాడు. రెండేళ్ళూ అదే మాట చెప్పాడు.

మూడో ఇంటర్వ్యూ వచ్చే గురువారం. మూడు వారాలుగా అతనికి తిండి సయించడం లేదు. మొన్న ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి హెల్మెట్‌తోనే స్నానాల గదిలోకి వెళ్ళాడు.

అంతలో కంపెనీవాళ్ళు మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. కలకత్తా నుంచి వచ్చిన ఒక సారు "ఫేల్ మత్ బోలో. అభీ తక్ నహీ ఆయా, బోలో" అన్నాడు. ఫేలనకూడదట, ఇంకా రాలేదనాలట. దాని పేరు గ్రోత్ మైండ్‌సెట్, అంటే ఎదిగే బుద్ధి అన్నాడు. ఆ మాట హరిప్రసాద్‌కు ప్రసంగంలా తగిలింది. దేవుడు మాత్రం మనిషిని ఒక్కరోజులో తయారుచేసి పక్కన పెట్టేస్తాడా? బతికినంత కాలం దిద్దుతూనే ఉంటాడు. ఆయనకే లేని తొందర తనకెందుకు? ఈసారి ఉద్యోగం ఇమ్మని కాదు, అలాంటి మనసు ఇమ్మని అడుగుదామనుకున్నాడు. ఇంటర్వ్యూ అని రాస్తే గుట్టు రట్టవుతుంది కనుక ఆ మాట మానేశాడు. చివరికి చీటీ ఇలా తయారైంది:

"మైండ్ గ్రోత్ కోసం ప్రార్థించండి. స్ట్రెస్ చాలా ఎక్కువగా ఉంది. గురువారం టెస్టు. హరిప్రసాద్."

శైలజ చదివి మొహం చిట్లించింది.

"ఈ మైండ్ గ్రోత్ ఏటండి? ఎవులికి అర్థమవుద్ది?"

"దేవుడికి అర్థమవుద్దిలే."

"పైకి సదివేది దేవుడు కాదు, ధనమ్మ పిన్ని."

"ఆవిడకి అర్థం కాకపోతేనే మంచిది" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రార్థన పెట్టెలో పడే ప్రతి చీటీలోనూ 'కోసం' అనే మాట ఉంటుంది. ఉద్యోగం కోసం అంటే అది రావాలని. జ్వరం కోసం అంటే అది పోవాలని. ఏది రావాలో, ఏది పోవాలో చదివేవాళ్ళే గ్రహించుకోవాలి. ఇన్నేళ్ళలో ఎవరూ పొరబడలేదు.

ధనమ్మ స్త్రీల సమాజం పెద్ద. ఆమె భర్త ఎనిమిదేళ్ళ కింద కడుపులో గడ్డతో పోయాడు. పెద్దాసుపత్రి డాక్టరు ఆ గడ్డను ఎప్పుడూ గడ్డ అనలేదు, గ్రోత్ అన్నాడు. ధనమ్మకు తెలిసిన నాలుగైదు ఇంగ్లీషు మాటల్లో అదొకటి. దానికి ఆమె ఎరిగిన అర్థం ఒక్కటే.

ఆ పూట ఆరాధనలో ఆమె రెండు జ్వరాలూ, ఒక పెళ్ళి సంబంధమూ చదివి, నాలుగో చీటీ విప్పి "మైండ్ గ్రోత్..." అంటూ ఆగిపోయింది. మిగతాది కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా చదివింది. గుడంతా నిశ్శబ్దమైంది. కళ్ళు మూసుకుని కూర్చున్న హరిప్రసాద్ దాన్ని భక్తి అనుకున్నాడు. తర్వాత నలుమూలలా వెక్కిళ్ళు వినిపించాయి. తన బుద్ధి ఎదగాలని ఇంతమంది ఏడుస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. అతని కళ్ళూ చెమర్చాయి. పాస్టరు ఆదిబాబు గారు దిగివచ్చి అతని తలమీద రెండు చేతులూ పెట్టి "దీన్ని వేళ్ళతో సహా పెకిలించు తండ్రీ!" అని కేక పెట్టారు. స్ట్రెస్ గురించనుకుని హరిప్రసాద్ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

బయటికి రాగానే సంఘ పెద్ద కూర్మారావు భుజం పట్టుకున్నాడు. ప్లాంటులో క్రేన్ నడిపే మనిషి, పట్టు గట్టిది.

"ఎప్పుడు తెలిసింది బాబూ?"

"మొన్న ట్రైనింగులోనండి. అది అందరిలోనూ ఉంటాదంట. మనమే పెంచుకోవాలంట."

కూర్మారావు నోరు తెరిచాడు. "పెంచుకోవాలా?"

"రోజూ కొంచెం కొంచెం పెరిగితే చాలంటండి. ఇంక స్ట్రెస్సూ గిస్సూ ఏటీ ఉండవు."

"ఉండవు, ఉండవు. మనిషే..." అని కూర్మారావు మాట మింగేసి జేబురుమాలు తీసుకున్నాడు. "ఏం ఇశ్వాసం నాయనా నీది! నానైతే ఈపాటికి మంచం ఎక్కీసుందును."

హరిప్రసాద్ పొంగిపోయాడు. ఆ పొంగు మధ్యాహ్నం వరకు ఉంది. భోజనాల వేళ నేహ పక్కకు వచ్చి గుసగుసగా అడిగింది.

"పాపా, ఆప్ మర్నేవాలే హో క్యా? ధనమ్మ నానీ బోల్ రహీ థీ."

నాన్న చచ్చిపోతాడా అన్న ఆ మాటకు శైలజ గరిటె పళ్ళెంలోనే వదిలేసింది. హరిప్రసాద్‌కు చీటీలో మాటలు ఒక్కొక్కటే వెనక్కి గుర్తుకు వచ్చాయి. మైండ్. గ్రోత్. టెస్టు. అతను చెప్పులు వేసుకునేలోపే ధనమ్మ ఇద్దరు ఆడవాళ్ళతో, ఒక డజను అరటిపళ్ళతో గుమ్మం ఎక్కింది.

"అలాంటిదేటీ లేదు పిన్నీ" అన్నాడు గాభరాగా.

"మరి గురువారం టెస్టేటి బాబూ?"

అక్కడ దొరికిపోయాడు. ఇంటర్వ్యూ అంటే మూడో ఇంటర్వ్యూ. మూడోది అంటే మొదటి రెండూ ఏమయ్యాయంటారు. వెనకాల తలుపు పట్టుకుని తల్లి నిలబడి ఉంది. హరిప్రసాద్ తల వంచుకున్నాడు.

"అంటే... అంత పెద్దది కాదు పిన్నీ. చిన్నదే."

"సిన్నదే అంటన్నాడమ్మా!" అని ధనమ్మ ఘొల్లుమంది. జోగమ్మ ఏడవలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి, తన పళ్ళెం తీసి బోర్లించింది. గురువారం దాకా ముద్ద ముట్టనని చెప్పింది.

సోమవారం యాపిల్ పళ్ళు వచ్చాయి. మంగళవారం ఊళ్ళో అవతలి పేట కాసిడీహ్ నుంచి ఎవరో ముక్కూ మొహం తెలియని తెలుగువాళ్ళు వచ్చి, తమ బావమరిదికి కూడా అచ్చం ఇలాగే అయిందని మొదలుపెట్టి, చివర చెప్పకుండా లేచి వెళ్ళారు. కూర్మారావు స్టేషన్లో తెలిసినవాళ్ళను పట్టుకుని వెల్లూరు ఆసుపత్రికి పోవడానికి రెండు బెర్తులు వేయించాడు.

"సెప్పీండి" అంది శైలజ. "అత్త రెండ్రోజులై మంచినీళ్ళ మీద ఉంది. మీ పరువు కన్నా ఆవిడ పేనం తక్కువా?"

"రేపు చెప్తాను."

"నిన్నా ఇదే మాటన్నారు."

 తల్లి ఆకలితో ఉంటే హరిప్రసాద్ తాళం వేసిన నోటితో మూడు పూటలా తింటున్నాడు. ఆ తిండి మాత్రం ఈమధ్య సయిస్తోంది. అందుకు ఇంకా సిగ్గేసింది.

బుధవారం పొద్దున అతని కోసం గుడిలో ఉపవాస కూడిక పెట్టారు. మధ్యాహ్నం షిఫ్టు కనుక తప్పించుకునే వీలు లేకపోయింది. పది గంటలకు జోగమ్మ ప్రార్థన చేయడానికి లేచింది. "నా బిడ్డ బుర్రలో..." అని రెండు మాటలు అని, మూడోది రాక, బెంచీ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది.

హరిప్రసాద్ పరుగెత్తి ఆమెను ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు తాగించి, ఉన్నచోటనే కూర్చుని గట్టిగా అన్నాడు.

"అయ్యగారూ, నాకు గ్రోత్ లేదు!"

"హల్లెలూయా!" అని గుడి దద్దరిల్లింది.

"అది కాదండి. ముందునుంచీ లేదు!"

"స్తోత్రం! ముందునుంచే లేకుండా సేసేసినాడు!" అని కూర్మారావు చేతులెత్తాడు.

"గ్రోత్ అంటే గడ్డ కాదు బాబాయ్! బుద్ధి ఎదగడం. నాకది పోవాలని కాదు, రావాలని రాశాను."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. ముందుగా తేరుకున్నది ధనమ్మ.

"అయితే నాలుగు రోజులై ఈ బాబుకి బుద్ధి ఎదక్కూడదని ప్రార్థన సేసినామా?"

ఆదిబాబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వేళ్ళతో సహా అన్నది ఆయనే.

"మరి రేపు టెస్టేటి?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

తల్లి తల ఇంకా అతని ఒళ్ళోనే ఉంది. ఆమె మొహం చూడలేక నేలను చూస్తూ చెప్పాడు. "ఫోర్‌మన్ ఇంటర్వ్యూ. పోస్టు ఆపేశారని అబద్ధం చెప్పాను. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఫేలయ్యాను. మీరంతా పిల్లలకి నన్ను చూపిస్తారు. ఆ మొహంతో చెప్పలేకపోయాను."

తిట్లకు సిద్ధపడి కూర్చున్నాడు. అవి రాలేదు. కూర్మారావు మెడ గోక్కున్నాడు.

"ఆ సంగతి మాకు తెల్దేటి బాబూ? ఆ పాసైనోళ్ళ లిస్టులు టైపు కొట్టేది మా మేనల్లుడే. కంపెనీ బోర్డు మీదకి రాకముందే ఇక్కడికి వచ్చేత్తాయి."

"అందరికీ తెలుసా?"

"నువ్వు సిగ్గుపడతావని ఎవులూ అన్లేదు" అంది ధనమ్మ.

హరిప్రసాద్ తల్లి వైపు చూశాడు. జోగమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "నాకూ తెల్సు నాయనా. అప్పుడూ ఉన్నాను ఉపాసం. నీకు తెలీకుండా ఉన్నాను."

ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకూడదని దాచినది అందరికీ తెలుసు. అందరినీ చీటీ రాసి అడిగినది ఒక్కరికీ తెలియలేదు. నేల మీద గచ్చు పగుళ్ళు లెక్కపెట్టడం తప్ప అతనికి చేయవలసిన పనేమీ కనిపించలేదు. శైలజ అత్తకు గంజి తాగించింది. యాపిల్ పళ్ళు ఇంట్లో కుళ్ళిపోతున్నాయని చెప్పి అందరికీ పంచింది.

గురువారం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే చిక్కాడు. మునుపైతే తోచినదేదో అల్లి, చెమటతో చొక్కా తడిపేసుకునేవాడు. ఈసారి "ఇది నాకింకా రాదండి. నేర్చుకుంటాను" అన్నాడు. బోర్డులో ఒకాయన తలెత్తి చూసి, ఏదో రాసుకున్నాడు. బయటికి వచ్చి చూసుకుంటే చొక్కా పొడిగానే ఉంది.

ఫలితాలు శనివారం వచ్చాయి. అతని పేరు లేదు. ఆదివారం ఆరాధనలో ఎవరూ పిలవకుండానే లేచి నిలబడి, తల వంచకుండా, "మూడోసారీ రాలేదండి. మళ్ళీ వెళ్తాను" అని చెప్పాడు.

సంఘమంతా అప్పుడే మొదటిసారి వింటున్నట్టు మొహాలు పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా విన్నది.